దొండపాదులో ఎర్రగుడ్డ పుల్లలు

శుక్రవారం పొద్దు వాలుతుండగా, దిబ్బల మీది గడ్డిలోంచి ఏడు వెదురు పుల్లలు పీకి ఇంటికి తెచ్చాను. మంచి పని చేశాననే అనుకున్నాను. మరునాటి ఉదయం ఏడు గంటల దాకా అలాగే అనుకున్నాను.

మా పేట ఉప్పాడకు అవతల, సముద్రానికీ ఉప్పుటేరుకూ మధ్య ఉంది. ఇది వెనకటి పేట కాదు. వెనకటిది ఇప్పుడు నీళ్లలో ఉంది. మా అత్తగారి వంటగది ఉన్నచోట ఇవాళ వలలు వేస్తున్నారు. మూడుసార్లు వెనక్కి జరిగి, చివరికి ఈ సరుగుడు తోట పక్కన ఇళ్లు కట్టుకున్నాం. తోట దాటితే ఇసుక దిబ్బలు, దిబ్బల మీద మోకాలెత్తు గడ్డి, గడ్డి దాటితే ఏరు. ఎండాకాలంలో చూస్తే ఇది గోదావరి సీమ అంటే ఎవరూ నమ్మరు. పాలకొల్లులో కాపురమున్న మా చెల్లెలు ఒకసారి వచ్చి, "ఇదేంటే అక్కా, ఎడారిలో కాపురం పెట్టావు" అంది. వాళ్లకు గుమ్మం దిగితే కాలువ, కాలువ దాటితే వరిచేను. మాకు గుమ్మం దిగితే ఇసుకే. కానీ ఆ గడ్డే మమ్మల్ని పెంచింది. నేనూ, మా పక్కింటి పాపాయీ నలభై ఏళ్లు ఆ గడ్డి కోశాం. ఎన్ని కప్పులకు మోపులు మోశామో లెక్కే లేదు.

పదిహేనేళ్ల కిందట ఏటి అవతలి గడ్డిలో ఇలాంటి పుల్లలే లేచాయి, కొసకు ఎర్రగుడ్డ పేలికలు కట్టి. ఎవరో వచ్చి టేపు పట్టుకుని కొలిచారు. మరుసటేడు ముళ్లకంచె వచ్చింది. ఆ పైయేడు గోడ వచ్చింది. గోడ లోపల ఏముందో మాకు ఇప్పటికీ తెలియదు. గడ్డి మాత్రం లేదు. అందుకే శుక్రవారం కోళ్లగూడు కప్పుకోవడానికి నాలుగు పరకలు కోసుకుందామని వెళ్లినప్పుడు, పుల్లల్ని ముందు చూసిన పాపాయి అక్కడే ఆగిపోయింది.

"వదినా, ఇటు కూడా వచ్చేశారే."

"ఎవరే?"

"ఎర్రగుడ్డల వాళ్లు."

దారి పొడుగునా నేను పీకుకుంటూ, పాపాయి మోసుకుంటూ పోయాం. పుల్లలు నున్నగా, నిటారుగా ఉన్నాయి. పారేయడానికి చేతులు రాక ఇంటికి తెచ్చి దొండపాదుకు పాతాను. ఆ పేలికలతోనే తీగలు కట్టాను.

ఇప్పుడు మా తబిత సంగతి చెప్పాలి. మా పెద్దవాడి కూతురు. డిగ్రీ అయ్యాక రెండేళ్లు రొయ్యల షెడ్డులో ఐసులో వేళ్లు పెట్టి పనిచేసింది. ఇప్పటికీ మనసులో భయం పుడితే వేళ్లు రుద్దుకుంటుంది, ఐసులోంచి తీసినట్టు. దానికి పిట్టలంటే పిచ్చి. చంద్రరావు గారని, కాకినాడ కాలేజీలో జంతువుల పాఠం చెప్పి రిటైరైన మాస్టారు, చెట్టూ పిట్టా చూసేవాళ్ల సంఘం ఒకటి నడుపుతున్నారు. ఆయన పై ఆఫీసులో అడిగి, మా దిబ్బల మీదుగా ఏటి దాకా జనాన్ని ఒక్కసారి నడిపించడానికి అనుమతి తెచ్చారు. ఒక్కసారికే. ఇది పిట్టలు గూళ్లు పెట్టే కాలం కాబట్టి ఒక షరతు కూడా ఉంది. ఒక్క గుడ్డు చితికినా ఆ నడక అంతటితో సరి. ఏ తప్పూ జరగకపోతే వానలు పడేదాకా ప్రతి శనివారం నడక, దారి చూపించే ఉద్యోగం తబితది. లేకపోతే మళ్లీ షెడ్డు.

గురువారం అది ఇంటికొచ్చి, "మామ్మా, దారి పక్కన తీతువు గూళ్లు ఏడున్నాయి. అన్నింటికీ గుర్తులు పెట్టొచ్చాను" అంది. గుర్తంటే నాకు తెలిసింది ఒక్కటే. గడ్డి కోసేవాళ్లం గుడ్లు కనబడితే, పక్కనున్న దుబ్బు కొసలు కలిపి ముడివేస్తాం. ముడివేసిన దుబ్బు జోలికి ఎవరి కొడవలీ పోదు. మా పిల్ల మా గుర్తే పెట్టి ఉంటుందనుకున్నాను. శుక్రవారం అది సంఘం మీటింగుకు కాకినాడ వెళ్లి, రాత్రికి అక్కడే ఉండిపోయింది. నేను చేసిన ఘనకార్యం దానికి చెప్పే వీలే లేకపోయింది.

శనివారం ఆరున్నరకు వాళ్ల వ్యాను తోట దగ్గర ఆగింది. పన్నెండు మంది దిగారు. మెడల్లో దూరపుచూపు అద్దాలు, నెత్తిన టోపీలు. ఏటి ఒడ్డున అందరికీ ఇవ్వడానికి మజ్జిగ క్యాను, ఉడకబెట్టిన వేరుశనక్కాయలు పట్టుకుని నేను అందరికంటే వెనక నడవాలని ఏర్పాటు.

"వందనాలు సువార్తమ్మ గారూ. తబిత ఎప్పుడూ మీ మాటే చెబుతుందండి" అన్నారు చంద్రరావు గారు.

బ్యాంకులో పనిచేసే జీవరాజు గారని ఒకాయన నా పక్కన చేరారు. కొత్త బూట్లు, కిర్రుకిర్రుమంటున్నాయి.

"మామ్మ గారూ, ఇక్కడ పాములుంటాయాండి?"

"ఉంటాయి బాబూ. మీ బూట్ల చప్పుడుకి ఈపాటికి ఏరు దాటేసి ఉంటాయి."

తబిత ముందు నడుస్తూ చెప్పుకుపోయింది. రావణాసురుడి మీసాల గడ్డి ముళ్లబంతుల్ని రాల్చి గాలికి దొర్లిస్తుందనీ, ఆగినచోట ఇసుకను పట్టుకుంటుందనీ చెప్పింది. మేకడెక్కల్లాంటి ఆకుల తీగను ఎత్తి, దాని వేళ్లు చూపించింది. ఇసుకలో గరాటులాంటి చిన్న గుంట దగ్గర అందర్నీ మోకాళ్ల మీద కూర్చోబెట్టి, అడుగున చీమ కోసం కాపు కాసే పురుగును పరకతో కదిపింది. ఆ గడ్డిలో నలభై ఏళ్లు వంగిన దాన్ని, నాకే చాలా సంగతులు కొత్తగా ఉన్నాయి. నా మనవరాలు పన్నెండుమంది చదువుకున్నవాళ్లను ఇసుకలో మోకరింపజేసిందని ఎంత మురిసిపోయానో.

తోట నుంచి వంద అడుగులు వచ్చామేమో. తబిత ఒక్కసారిగా ఆగిపోయి రెండు చేతులూ చాపింది.

"ఎవరూ కదలొద్దండి! ఎక్కడివాళ్లు అక్కడే!"

అందరూ బొమ్మల్లా నిలబడిపోయారు. జీవరాజు గారు ఒంటికాలి మీద ఉన్నారు.

"తబితమ్మా, ఈ కాలు దించొచ్చాండి?"

"ఎక్కణ్ణుంచి ఎత్తారో అక్కడే దించండి సార్."

ఆయన దించారు. తబిత ముందుకు చూసింది, వెనక్కి చూసింది. వేళ్లు రుద్దుకోవడం మొదలుపెట్టింది.

"సార్, గుర్తులు లేవు. ఒక్కటీ లేదు. మొదటి గూడు దాటేశామో, తొక్కేశామో కూడా తెలియదు." అప్పుడు నా వైపు తిరిగింది. "మామ్మా, నిన్న ఇటు ఎవరైనా వచ్చారా? ఇక్కడ ఎర్రగుడ్డ కట్టిన పుల్లలు పాతాను."

చేతిలోని మజ్జిగ క్యాను బరువెక్కిపోయింది.

"వెదురువా?"

"అవును."

"అవి దొండపాదులో ఉన్నాయే."

పిల్లకు అర్థం కాలేదు. "ఏ దొండపాదులో?"

"మన దొండపాదులోనే."

చంద్రరావు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "పీకేశారాండి?"

"పీకేశానండి. స్థలం కొలిచేవాళ్లవనుకున్నాను. వెనక ఒకసారి ఇలాగే అవతలి గడ్డి పోయింది బాబూ. ఆ భయంతో పీకేశాను. పిల్లది కాదండి తప్పు, నాది."

నెత్తిమీద తీతువులు అరుస్తున్నాయి. వాటి అరుపును బట్టి గూడు పట్టుకుందామంటే కుదరదు. తీతువు గడుసుది. గూడు ఒకచోట పెట్టి ఇంకోచోట దిగి గోల చేస్తుంది. గుడ్లు చూద్దామంటే ఇసుక రంగు మీద నల్లమచ్చలు, గవ్వపెంకుల మధ్య కలిసిపోతాయి. పుల్లలు పీకిన కన్నాల్ని గాలి ఎప్పుడో పూడ్చేసింది.

"వెనక్కి వెళ్దాం తబితా" అన్నారు మాస్టారు నెమ్మదిగా. "వచ్చిన అడుగుల్లోనే అడుగులు వేసుకుంటూ."

వెనక్కి వెళితే ఆ నడక ఇక లేదని నాకు తెలుసు. తబిత తల ఊపింది. ఏడవలేదు. వేళ్లు రుద్దుకుంటూనే ఉంది. అది చూసి నేను ఉండబట్టలేకపోయాను.

"ఆగండి మాస్టారూ. పుల్లలు పీకిన చోట్లు నాకు తెలుసు."

"ఇంత గడ్డిలోనాండి? అంతా ఒకేలా ఉంటే?"

"మీకు ఒకేలా ఉంటుందండి. నాకు ఉండదు."

"పుల్ల గూటి పక్కనే పాతలేదు మామ్మా" అంది తబిత. "పక్కనే పాతితే కాకులకు దారి చూపించినట్టే. పుల్లకు ఏటివైపు మూడడుగుల దూరంలో గూడు."

"సరే. మొదటిది మీ అందరి వెనకాలే ఉంది. పాపాయి ముక్కుపుడక పోయిన చోటు. మూడు రోజులు ఇసుక జల్లెడ పట్టాం. అది నేనే తొక్కేశానని పాపాయి ఇప్పటికీ అంటుంది. అదిగో, ఆ ఒంటి మొగలిపొదకు ఎదురుగా."

తబిత వంగి, చేతులు వెనక్కి కట్టుకుని, కళ్లతోనే వెతుక్కుంటూ వెళ్లింది. మూడడుగులు లెక్కపెట్టింది. నిలబడిపోయింది.

"ఉన్నాయి సార్! నాలుగూ ఉన్నాయి."

నాలుగు గుడ్లు, సన్న మొనలు లోపలికి పెట్టి, నలుగురు ఆడవాళ్లు తలలు దగ్గర పెట్టుకుని గుసగుసలాడుతున్నట్టు ఉన్నాయి. వాటికి జానెడు దూరంలో జీవరాజు గారి కొత్త బూటు అచ్చు. ఆయన అది చూసి బూట్లు విప్పి, లేసులు ముడివేసి మెడలో వేసుకున్నారు.

నేను పక్కనున్న దుబ్బు కొసలు కలిపి ముడివేశాను. చెయ్యి దానంతటదే వేసింది. నలభై ఏళ్ల అలవాటు.

"రెండోది ఎక్కడండి?" అన్నారు మాస్టారు. వెనక్కి వెళ్దామన్న మాట మళ్లీ అనలేదు.

"తబిత వాళ్ల నాన్న పుట్టబోయిన చోటు."

"మామ్మా, అందరి ముందూ..."

"నొప్పులు ఇక్కడే మొదలయ్యాయే. మోపు కట్టేశాను, వదిలి వెళ్లాలంటే మనసొప్పలేదు. మోపు ఇంటికి చేర్చాకే వాడు పుట్టాడు."

అక్కడా నాలుగు గుడ్లున్నాయి. అక్కడి నుంచి నేను ముందు, తబిత నా వెనక, మిగిలినవాళ్లు ఒకరి అడుగులో ఒకరు. పెద్ద గాలివానకు పడవ చెక్క ఒకటి కొట్టుకొచ్చి ఆగిన చోట ఒక గూడు. మేం క్యారేజీలు తగిలించుకునే మోడు దగ్గర ఒకటి. పిచ్చికుక్క తరిమితే నేనూ పాపాయీ ఒకే కొడవలి పట్టుకుని నిలబడ్డ చోట ఒకటి. ప్రతిచోటా ఆగి, చెప్పి, చూసి, ముడివేసి ముందుకు కదిలాం. జనం పిట్టల సంగతి మరిచిపోయి, "ఇక్కడ ఏం జరిగిందండి?" అని నన్నే అడగసాగారు.

ఆరో చోట నాకు నవ్వొచ్చింది.

"ఇక్కడ మా ఆయన చిట్టియ్య నన్ను మొదటిసారి చూశాడండి. నేను మోపు కింద ఉన్నాను, మొహం కనబడలేదు. ఇంటికెళ్లి, పిల్ల నచ్చిందని చెప్పాడట. ఏం చూసి నచ్చిందిరా అంటే, మోపు బాగా కట్టింది అన్నాడట."

జీవరాజు గారు ఇసుకలో చతికిలబడి నవ్వబోయి, గుడ్లు గుర్తొచ్చి నిలబడే నవ్వారు. గూట్లో మూడే గుడ్లున్నాయి. గురువారం కూడా మూడేనని తబిత రాసుకున్న కాగితం చూసి చెప్పింది. అమ్మయ్య అనుకున్నాం.

ఇక ఏడోది. ముందు యాభై అడుగుల్లో ఏటి ఒడ్డు పచ్చగా కనబడుతోంది. నేను నిలబడ్డాను. ఎంత తలుచుకున్నా ఏడో పుల్ల గుర్తు రాలేదు. నాకు ఏమీ జరగని చోటు అయి ఉంటుంది. ఏమైనా జరిగితే మరిచిపోయే మనిషిని కాను.

"మామ్మా?"

"రావడం లేదే."

తబిత ఫోను తీసి పాపాయికి చేసి, అందరికీ వినబడేలా పెట్టింది.

"ఏంటే తబితా, పొద్దున్నే?"

"పాపాయీ, నేనే. నిన్న పుల్లలన్నీ నేనే పీకానా, నువ్వు కూడా పీకావా?"

అవతల పాపాయి గొంతు తగ్గించింది. "పోలీసులొచ్చారా వదినా? ఎవరడిగినా నువ్వే పీకావని చెబుతాను."

"పోలీసులు కాదే, పిట్టలు."

"పిట్టలు కేసు పెట్టాయా?"

"ఆ పుల్లలు మన తబిత పాతినవటే. తీతువు గుడ్లకు గుర్తు. చెప్పు, ఎన్ని పీకావు?"

"ఓరి దేవుడా! ఒక్కటేనే, చివరిది. నువ్వు కూలబడి కాల్లో ముల్లు తీసుకుంటున్నావు చూడు, అప్పుడు. నీకు మూడడుగులు తోటవైపు ఉంది, పీకేశాను. నెత్తిమీద తీతువు ఒకటే అరుపు. నువ్వు కొంగుతో పో పో అని అదిలించావు కూడాను."

తబిత ఫోను పెట్టేసింది. అందరి మనసుల్లో లెక్క ఒక్కసారే తేలింది. పుల్ల నాకు మూడడుగులు తోటవైపు. గూడు పుల్లకు మూడడుగులు ఏటివైపు. అంటే నేను కూర్చున్నది...

చంద్రరావు గారు నా వైపు చూడలేదు. మర్యాదస్తుడు, ఏటివైపు చూస్తూ నిలబడ్డారు. నేను చిన్న మనిషిని కాను. ఆ సంగతి చూసినవాళ్లెవరికైనా తెలుస్తుంది. తల్లి పిట్ట నెత్తిమీద మొత్తుకుంటుంటే, దాని గుడ్ల మీద కూర్చుని దాన్నే తిట్టానా? ముల్లు గుచ్చుకున్న కాలు మళ్లీ సలిపినట్టయింది.

"ఎక్కడ కూర్చున్నావో చూపించు మామ్మా" అంది తబిత. గొంతులో కోపం లేదు. అదే నాకు ఎక్కువ కష్టంగా ఉంది.

చూపించాను. గాలి పుల్లల కన్నాల్ని పూడ్చింది గానీ, నేను కూర్చున్న గుంటను పూడ్చలేకపోయింది. పది అడుగుల దూరం నుంచే స్పష్టంగా కనబడుతోంది. నేను కళ్లు మూసుకున్నాను. దేవా, నా ఒళ్లు ఇంత పెంచావు, కూర్చోవడానికి ఒక జానెడు అటో ఇటో చూపించి ఉంటే బాగుండును అనుకున్నాను. తబిత అడుగుల చప్పుడు వినబడింది. ఆగింది.

"మామ్మా." గుసగుసగా పిలిచింది. "కళ్లు తెరువు. నీ గుంటలో ముగ్గురున్నారు."

తెరిచి చూశాను. ముందు ఇసుకే కనబడింది. తర్వాత ఆ ఇసుకలో ఒక చిన్న కన్ను మెరిసింది. దాని పక్కన ఇంకోటి. బొటనవేలంత తీతువు పిల్లలు మూడు, నేను కూర్చున్న పల్లంలో, గుంట అంచు నీడన, నేలకు అతుక్కుని కదలకుండా పడుకున్నాయి. గుంటకు బెత్తెడు అవతల గూడు. అందులో ఇంకా ఒక గుడ్డు. చూస్తుండగానే దాని పెంకు మీద చిన్న చిల్లు పడి, లోపలి నుంచి ముక్కు కొస బయటికొచ్చింది.

"పాపాయి అడుగులు చిన్నవి" అంది తబిత, నవ్వుతూ కళ్లు తుడుచుకుంటూ. "అందుకే బతికిపోయాం."

నేను పక్కనున్న దుబ్బుకు ముడివేశాను. ఈసారి రెండుసార్లు జారిపోయింది. చంద్రరావు గారు వచ్చి నా పక్కన వంగారు.

"ఇందాకటి నుంచీ చూస్తున్నానండి. ఏంటి ఈ ముడి?"

చెప్పాను.

"ఇది మీ ఊళ్లో అందరికీ తెలుసా?"

"కొడవలి పట్టిన ప్రతి మనిషికీ తెలుసండి. ముడి చూస్తే పిల్లలు కూడా చుట్టు తిరిగి పోతారు."

ఆయన ఆ ముడిని కాసేపు చూసి లేచారు. "తబితా, వచ్చే శనివారానికి పుల్లలు కొనొద్దమ్మా. ముడి వేయడం మామ్మ దగ్గర నువ్వూ నేర్చుకో, నాకూ నేర్పించు."

వచ్చే శనివారానికి అన్నారు. ఆ మాట నాకు వినబడింది, దానికీ వినబడింది. తబిత రెండు చేతులూ పక్కలకు వదిలేసింది. వేళ్లు కదలకుండా ఉన్నాయి.

ఏటి ఒడ్డుకు చేరేసరికి గాలే మారిపోయింది. ఇసుక వేడి పోయి, తుంగ వాసనతో చల్లగా తగిలింది. మడచెట్ల కింద అందరూ కూలబడ్డారు. కూర్చోబోయే ముందు ఒక్కొక్కరూ కింద ఎంత జాగ్రత్తగా చూసుకున్నారో! మజ్జిగ గ్లాసులు చేతులు మారాయి. తబిత బురదలో నీరుకుక్కల అడుగుజాడలు చూపించింది. ఒక పెద్దది, రెండు చిన్నవి, తెల్లవారుజామున నీళ్లలోకి దిగి వెళ్లాయట. లకుముకి పిట్ట ఒకటి కొమ్మ మీంచి నీలంగా జారి, చేపతో లేచింది. జీవరాజు గారు ఉత్త కాళ్లు నీళ్లలో పెట్టుకుని, "మామ్మ గారూ, ఆ మోపు కథ ఇంకొక్కసారి చెప్పండి. మా ఆవిడకు చెప్పాలి, సరిగా గుర్తుపెట్టుకుంటాను" అన్నారు. చెప్పాను. రెండోసారి ఇంకొంచెం బాగా చెప్పాను.

మధ్యాహ్నం ఇంటికి వచ్చేసరికి పాపాయి మా దొండపాదు పక్కన కాపలా ఉంది. చేతిలో గంప. పుల్లల మీద ఎవరి కళ్లూ పడకుండా నా పాతచీర ఒకటి తెచ్చి పాదు మీద ఆరేసింది.

"కేసు కొట్టేశారా వదినా?" అంది.

"కొట్టేశారే. నీ అడుగులు చిన్నవని."

తబిత చీర తీసి పుల్లల్ని చూసింది. ఎర్ర పేలికలు పట్టుకుని తీగ అప్పుడే ఒక చుట్టు చుట్టుకుంది. ఒక పుల్ల మీద చెయ్యి వేసి, ఊపి చూసి, వదిలేసింది.

"గట్టిగా పాతావు మామ్మా" అంది. "ఉండనీ."